ఇసుక దిబ్బ ఎవరిది?

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా పుట్టని రోజుల్లో, తూర్పు సముద్రం ఒడ్డున గవ్వలపాడు అనే ఊరు ఉండేది. ముందు సముద్రం, వెనక వరిచేలు, నడుమ అరవై గడపలు. ఊరికీ సముద్రానికీ మధ్య ఒక పెద్ద ఇసుక దిబ్బ.

ఆ దిబ్బ నడిచేది! నవ్వకండి పిల్లలూ, నిజంగానే నడిచేది. ఒకప్పుడు దాని నిండా పొదలు ఉండేవి. పొయ్యిలోకని ఒకరు, కంచె కోసమని ఒకరు, పాక మీదికని ఒకరు నరుక్కుంటూ పోయారు. వేళ్ళు పోయిన దిబ్బకు కాళ్ళు వచ్చాయి. వేసవిలో గాలి లేచిందంటే చాలు, ఇసుక రేగి ఊరి మీదికి జరిగేది. ఏటేటా ఒక ఇల్లో, ఒక చేనుముక్కో దాని కింద పడిపోయేది.

ఊరి మొదటి వరసలో దాలమ్మ, గురయ్య అనే ముసలి దంపతులు ఉండేవారు. గురయ్య ఒకప్పుడు వేటకు పడవ మీద వెళ్ళిన మనిషి. ఏళ్ళ తరబడి ఇసుకగాలి కొట్టి కొట్టి అతని కళ్ళు పోయాయి. దాలమ్మ వలలు అల్లి ఇల్లు గడిపేది. వాళ్ళకు పిల్లలు లేరు. ఒకరికి ఒకరే పిల్లలు.

ఒక ఏడు ఒక్క వేసవిలోనే మూడు ఇళ్ళు మునిగాయి. ఊరి పెద్ద సూరన్న పదిమందిని వెంటబెట్టుకుని రాజధానికి వెళ్ళాడు.

"మహారాజా, ఇసుక మా ఊరిని మింగేస్తోంది. మమ్మల్ని కాపాడే పని మీది" అన్నాడు.

రాజు పేరు సుకేతుడు. చెడ్డవాడు కాడు. కానీ ఆ రోజు ఆయనకు పనులు ఎక్కువ, ఓపిక తక్కువ.

"దిబ్బ మీద పొదలు నరికింది నేనా, మీరా?" అని అడిగాడు. సూరన్న తల వంచుకున్నాడు. "అయితే మీరే చూసుకోండి. గాలి నా మాట వినదు."

సూరన్న కోపంగా తిరిగి వచ్చాడు. "రాజు తన పని తాను చేసేదాకా మనం పూచికపుల్ల కదపకూడదు" అని ఊరందరితో ఒట్టు వేయించాడు. రాజేమో ఊరివైపు వేలు చూపించాడు. ఊరేమో రాజువైపు చూపించింది. దిబ్బ మాత్రం ఎవరినీ అడగలేదు. నడుస్తూనే ఉంది.

వానలు తగ్గుముఖం పట్టాయి. ఒక ఉదయం దాలమ్మ వాగు ఒడ్డుకు వెళ్ళి ఇరవై మొగలి పిలకలు తవ్వి తెచ్చింది. దిబ్బ వాలు మీద వరసగా నాటింది. రోజూ ఊరి అవతల ఉన్న చెలమ నుంచి కడవతో నీళ్ళు మోసి పోసేది. గురయ్య ఆమె కొంగు పట్టుకుని వెనకే వచ్చేవాడు. చేత్తో తడిమి చూసి, ఒక్కో మొక్క చుట్టూ పాదు చేసేవాడు.

సూరన్న చూసి నొచ్చుకున్నాడు.

"చెల్లెమ్మా, ఇది రాజు పని. నువ్వు చేస్తే రాజు తప్పించుకుంటాడు."

"రాజు వచ్చేదాకా ఇసుక ఆగుతుందా అన్నా?" అంది దాలమ్మ.

ఇరవైలో పదమూడు బతికాయి. ఆకులు కత్తుల్లా నిలబడ్డాయి. ఆ పదమూడు మొక్కల వెనక ఇసుక కదలలేదు. దాలమ్మకు ప్రాణం లేచి వచ్చింది.

అంతలో రాజుగారి గుర్రాలు వచ్చాయి. మెత్తటి ఇసుకలో పరుగెత్తితే గుర్రాలకు కాళ్ళు గట్టిపడతాయని ఏటా వాటిని ఆ తీరానికి తోలుకొచ్చేవారు. రౌతులు మొక్కలను చూడనైనా లేదు. మూడు వందల గుర్రాలు దిబ్బ మీదుగా దూసుకుపోయాయి.

గురయ్య వంగి, నలిగిన ఆకులను ఒక్కొక్కటే వేళ్ళతో తడిమాడు.

"ఎన్ని మిగిలాయే దాలీ?"

"ఏమీ మిగల్లేదు మావా" అని దాలమ్మ అతని భుజం మీద తల పెట్టి ఏడ్చింది. కడవలు తాను మోయగలదు. గుర్రాలను తాను మళ్ళించగలదా!

మరుసటి ఏడు దాలమ్మ ఒక్కతే మూడు రోజులు నడిచి రాజధానికి వెళ్ళింది. జరిగిందంతా చెప్పింది. సుకేతుడికి సిగ్గు వేసింది. సిగ్గుపడ్డ రాజులు చాలా పెద్ద పనులు చేస్తారు.

"ఒక ముసలమ్మ ఇరవై నాటితే, రాజు వెయ్యి నాటలేడా?" అన్నాడు.

సరిగ్గా ఎండలు ముదిరిన వేళ, డప్పులు వాయించుకుంటూ భటులు వచ్చారు. ఒక్క పూటలో వెయ్యి పిలకలు నాటారు. 'ఈ వనము సుకేత మహారాజు నాటించినది' అని చెక్కిన రాతిపలక ఒకటి నిలబెట్టారు. సాయంత్రానికి వెళ్ళిపోయారు.

"నీళ్ళెవరు పోస్తారు బాబూ?" అని దాలమ్మ వాళ్ళ వెంట పరుగెత్తింది.

"నాటమన్నారు, నాటాం. నీళ్ళు ఊరి పని" అన్నాడు భటుల నాయకుడు.

"రాజు నాటాడు, రాజే పోసుకుంటాడు" అన్నాడు సూరన్న.

దాలమ్మ ఒక్కతే పోసింది. రోజుకు నలభై కడవలు మోసింది. ఆమె నడుము వంగింది కానీ, వెయ్యి మొక్కలకు నలభై కడవలు ఏ మూలకు? పది రోజుల్లో వనమంతా వాడి, ఎండి, గాలికి కొట్టుకుపోయింది. నెల తిరిగేసరికి రాతిపలక కూడా ఇసుకలో కూరుకుపోయింది.

ఆ వేసవి చివర ఇసుక దాలమ్మ ఇంటి మీదికి వచ్చింది. సముద్రం వైపు గోడ దాటి చూరు అందుకుంది. ఊరివాళ్ళు పరుగున వచ్చి వంటపాత్రలు, వలలు బయటికి చేరవేశారు. గురయ్య మాత్రం గడప మీద కూర్చుండిపోయాడు.

"ఈ ఇంట్లో నాకు దారి తెలుసు. పొయ్యి ఎక్కడో, మంచం ఎక్కడో నా కాళ్ళకు తెలుసు. ఇంకో ఇంట్లో నేను నిజంగా గుడ్డివాణ్ణి అయిపోతాను. నన్ను వదిలెయ్యండి" అన్నాడు.

దాలమ్మ బతిమాలింది. కదల్లేదు. అప్పుడు సూరన్న ముందుకు వచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా అతన్ని వీపు మీదికి ఎత్తుకున్నాడు.

దారిలో గురయ్య అడిగాడు. "ఈ వీపు ఎవరిది?"

"నాదే బావా. సూరన్నని."

"ఇంత బలమైన వీపు మన ఊళ్ళో ఉందని తెలియదు సూరన్నా. ఉంటే మా దాలికి ఒక కడవ మోసిపెట్టేది కదా!"

గురయ్య ఆ మాట దెప్పిపొడవడానికి అనలేదు. నిజంగానే అనుకుని అన్నాడు. అందుకే అది సూరన్న గుండెలో సూటిగా దిగింది. నడుస్తూ నడుస్తూనే అతను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తన పెరట్లో ఉన్న పాకను వాళ్ళకిచ్చాడు. పొయ్యి నుంచి మంచం దాకా, మంచం నుంచి గుమ్మం దాకా తాడు కట్టి, గురయ్య చెయ్యి పట్టుకుని పది రోజులు దారి నేర్పాడు.

వానలు వెలిశాక దాలమ్మ మళ్ళీ పిలకలు తెచ్చింది. ఈసారి ఆమె వెనక సూరన్న కడవతో నిలబడ్డాడు. సూరన్న వెనక అతని భార్య, కోడళ్ళు, వాళ్ళ వెనక ఊరంతా. చెలమ నుంచి దిబ్బ దాకా మనుషులు బారు తీరి, కడవలు చేతులు మార్చుకుంటూ నీళ్ళు అందించారు. ఇంటికి పది చొప్పున ఆరు వందల మొక్కలు లేచాయి.

అయినా వేసవి నడిమికి చెలమ అడుగంటింది. పక్క మూడు ఊళ్ళవాళ్ళు, తీరం పొడవునా సాగిన ఆ దిబ్బ అవతలి కొసన పొదలు నరుకుతూనే ఉన్నారు. అటునుంచి కొత్త ఇసుక రేగుతూనే ఉంది. గుర్రాలు వచ్చే రోజు దగ్గరపడింది.

అదే సమయంలో సుకేతుడు తన వనం ఎంత ఎదిగిందో చూద్దామని స్వయంగా బయలుదేరి వచ్చాడు. వనం లేదు, పలక లేదు. ఎండలో కడవలతో నీళ్ళు మోస్తున్న మనుషులు ఉన్నారు. రాజు పల్లకీ దిగాడు.

"అమ్మా, ఇంతకీ ఇది నా పనా, మీ పనా? నువ్వే చెప్పు" అని దాలమ్మను అడిగాడు.

దాలమ్మ చెమట తుడుచుకుని చెప్పింది.

"ప్రభూ, ఏ మొక్కకు దాహంగా ఉందో సింహాసనం మీద నుంచి మీకు కనబడదు. మాకు కనబడుతుంది. ఆ పని మాది. గుర్రాలు మా మాట వినవు, మీ మాట వింటాయి. పక్క ఊళ్ళవాళ్ళూ అంతే. ఇసుకకు పొలిమేరలు తెలియవు ప్రభూ, నాలుగు ఊళ్ళనూ ఒక్క మాట మీదికి తేవడం మా తరం కాదు. నీళ్ళకు రాతి బావి కావాలి, మా గునపాలు అంత లోతుకు దిగవు. ఆ పనులు మీవి. పొదలు నరికిన తప్పు మాది. మొక్కలు తొక్కించిన తప్పు మీది. తప్పులు సరిసమానంగా పంచుకున్నాం కదా, పని కూడా పంచుకుందాం."

భటులు భయపడ్డారు. రాజు నవ్వాడు. తర్వాత తలపాగా తీసి మంత్రికిచ్చి, ఒక కడవ ఎత్తుకోబోయాడు. అలవాటు లేని తల, సగం నీళ్ళు పట్టుబట్టల మీద ఒలికాయి. దాలమ్మ తన కొంగు చించి, చుట్టకుదురు చుట్టి ఆయన తల మీద పెట్టింది.

"ఇప్పుడు పెట్టుకోండి నాయనా" అంది. ఆ క్షణాన ప్రభూ అనడం మరచిపోయింది.

ఆ రోజే గుర్రాలను వేరే మైదానానికి మళ్ళించమని ఆజ్ఞ వెళ్ళింది. నెలలో దిబ్బ పక్కనే రాతి బావి లేచింది. నాలుగు ఊళ్ళ పెద్దలను ఒకచోట కూర్చోబెట్టి, దిబ్బ మీద కత్తి వేయకూడదని రాజు మాట తీసుకున్నాడు. వంటచెరకుకు వాళ్ళకు అడవిలో వేరే చోటు చూపించాడు. ఏ ఊరి వాలుకు ఆ ఊరు నీళ్ళు పోసింది.

అయిదేళ్ళు గడిచాయి. దాలమ్మ పాత ఇల్లు మళ్ళీ దొరకలేదు. పోయినవి కొన్ని పోయినట్టే. కానీ దిబ్బ అక్కడే ఆగిపోయింది. ఒక సాయంత్రం మొగలి పూలు విచ్చాయి. వాసన ఊరంతా నిండింది. దాలమ్మ భర్తను చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకువెళ్ళింది.

"దాలీ, ఇందులో మనం నాటినవి ఏవి, సూరన్న నాటినవి ఏవి, రాజు బావి నీళ్ళతో లేచినవి ఏవి?" అని అడిగాడు గురయ్య.

దాలమ్మ చాలాసేపు చూసింది.

"తెలియడం లేదు మావా" అంది. "వేళ్ళన్నీ అల్లుకుపోయాయి."

కాబట్టి పిల్లలూ, అందరి మీదా పడ్డ కష్టాన్ని చూసి 'ఇది ఎవరి పని' అని వాదిస్తే కష్టమే పెరుగుతుంది. రాజు చేతికి అందేది రాజు, మన చేతికి అందేది మనం చేస్తేనే అది తీరుతుంది.