ఎర్రచేతులమ్మ వెలసిన చాయలదిబ్బ

కృష్ణానది సముద్రంలో కలిసే చోటికి కొంచెం ఎగువన, ఒక చిన్న పాయ ఒడ్డున చాయలదిబ్బ అనే ఇసుక మెరక ఉంది. కరకట్ట మీద బస్సు దిగి తాటితోపుల మీదుగా నడిచివచ్చే భక్తులకు ముందుగా కనిపించేది గోపురం కాదు, ఇసుక మీద ఆరవేసిన అద్దకపు బట్టలు. వాటి మధ్యనున్న కాలిబాటే గుడికి దారి. గర్భాలయంలో రాతి విగ్రహం లేదు. నిలువెత్తు నూలుగుడ్డ మీద రాసిన రూపమే ఇక్కడ మూలమూర్తి. అమ్మవారి ముఖం పసుపు, చీర నీలం, కురులు నలుపు. మోచేతుల నుంచి వేలికొసల దాకా చేతులు మాత్రం ముదురు ఎరుపు. అది పారాణి అనుకునేవారు చాలామంది. పారాణి కాదు.

పూర్వం నుంచీ ఇక్కడ అద్దకంవారు కాపురం ఉంటున్నారు. ఈ ఇసుకలో చిరివేరు అనే చిన్న మొక్క దానంతట అదే పెరుగుతుంది. దాని వేళ్ళు దంచి నీళ్ళలో ఉడికిస్తే ఎరుపు దిగుతుంది. ఆ ఎరుపు కోసమే వారి పెద్దలు ఈ ఉప్పుగాలికి ఓర్చి ఇక్కడ నిలిచిపోయారు. ఓడలెక్కి వెళ్ళిన గుడ్డను తడిమి, ఇది దిబ్బవారి పని అని దూరదేశపు వర్తకులు సైతం గుర్తుపట్టేవారట.

పాయకు అవతలి ఒడ్డున బయ్యపనాయకుడి కోట, కోటలో అమ్మవారి గుడి ఉండేవి. అద్దకంవారికి ఆ గుడి గడప దాటే హక్కు లేదు. తరతరాలుగా రంగులో మునిగిన వారి చేతులు ఎంత కడిగినా ఎర్రగానే ఉండేవి. నెత్తురంటినట్టున్న చేతులతో తెచ్చిన నైవేద్యం అమ్మవారికి పనికిరాదని కట్టడి చేశారు.

దిబ్బ పెద్ద పున్నయ్య కోడలు నాంచారి. మామగారికి చూపు మందగించాక, దిబ్బ మీద కలం పట్టి రేఖ లాగడంలో ఆమెకు సాటి లేరు. ఆమె ఒక్కగానొక్క కూతురు సూరమ్మకు విషజ్వరం తగిలింది. నాంచారి పళ్ళెంలో చలిమిడి, వడపప్పు పెట్టుకుని పడవలో పాయ దాటి కోటకు పరుగెత్తింది. గుడి వాకిలి కాపలావాడు ఆమె చేతులు చూసి అడ్డం నిలిచాడు.

"నా పాప ఒళ్ళు కాలిపోతోంది నాయనా. నేను లోపలికి రాను, ఈ పళ్ళెం ఒక్కటీ అమ్మ ముందు పెట్టించు."

"ఆ చేతులతో ముట్టుకున్నదా? తీసుకుపో."

నాంచారి తిరిగి ఇల్లు చేరేసరికి సూరమ్మ కన్ను మూసింది. ఆనాటి నుంచి నాంచారి అమ్మవారి పేరు తలవలేదు.

కొంతకాలానికి ఉప్పెన వచ్చింది. కోట గుడి కూలి, కొయ్య విగ్రహం కొట్టుకుపోయింది. జాతర దగ్గరపడుతోంది. కొత్త విగ్రహం సిద్ధమయ్యేదాకా గుడ్డ మీద రాయించిన అమ్మను నిలుపుదామని నాయకుడు నిశ్చయించి పున్నయ్యకు కబురంపాడు. మామగారి మాట కాదనలేక నాంచారి కలం పట్టింది. కరక్కాయ నీళ్ళలో, గేదెపాలలో నానబెట్టి ఆరవేసిన గుడ్డ మీద నల్లని గీతలతో అమ్మవారి ముఖం, కిరీటం, చీర కుచ్చెళ్ళు తీర్చింది. మోచేతుల దగ్గరికి వచ్చేసరికి కలం సాగలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె రంగు కాగు పక్కనే ఒరిగి నిద్రపోయింది. కలలో ఎవరో ఒకావిడ వచ్చి, కొంగు బొడ్లో దోపుకుని, ఉడుకుతున్న కాగులో చేతులు ముంచి చిరివేళ్ళను కలియబెడుతోంది.

"చేతులు కాలతాయమ్మా!" అంది నాంచారి.

ఆవిడ చేతులు పైకి తీసింది. మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. "ఆనాడు వాళ్ళు నిన్ను వాకిట్లో ఆపారు. నేను ఆ వాకిలి దాటి నీ వెనకే వచ్చాను. సూరమ్మ ఇప్పుడు నా ఒళ్ళోనే ఉంది. నా చేతులు నీ చేతుల్లాగే రాయి" అంది.

నాంచారి లేచి, ఏడుస్తూనే చేతుల గీతలు పూర్తిచేసి, వాటి నిండా పటికనీరు పూసింది. పటిక పూసిన చోటే చిరివేరు ఎరుపు పట్టుకుంటుంది. కానీ ఆరిన పటిక కంటికి కనిపించదు. అందువల్ల ఆమె చేసిన పని ఎవరికీ తెలియలేదు. మరునాడు కాగులోంచి గుడ్డను పైకి తీసినప్పుడు పున్నయ్య దాన్ని కళ్ళకు దగ్గరగా పట్టుకుని చూశాడు.

"ఎంత పని చేశావమ్మా! దొర మన కొంపలు కూలుస్తాడు."

"అమ్మ అడిగింది మామయ్యా. ఇచ్చాను."

సంగతి తెలిసి నాయకుడు పడవలో వచ్చాడు. ఆ ఎరుపు వదలగొట్టమని తన చాకళ్ళకు ఆజ్ఞాపించాడు. వారు గుడ్డను పేడనీళ్ళలో నానబెట్టారు, పాయలో ఉతికారు, ఎండలో పరచి మళ్ళీ మళ్ళీ తడిపారు. చుట్టూ గుడ్డ తెల్లబడిన కొద్దీ అమ్మవారి చేతులు మరింత ఎర్రగా వెలిగాయి. వేరొక గుడ్డ రాయమన్నాడు నాయకుడు.

"రాస్తే ఈ చేతులే రాస్తాను దొరా. వేరే చేతులు కావాలంటే వేరే వారిని పిలిపించుకోండి" అంది నాంచారి. ఆమె వెనక దిబ్బ యావత్తూ నిలబడింది.

"మీ చేతులు తగిలించుకున్న అమ్మను మీరే కొలుచుకోండి. జాతర దాటాక ఈ దిబ్బ మీద ఒక్కరూ కనబడకూడదు" అని ఆయన వెళ్ళిపోయాడు.

నాంచారి మిగిలిన నీలం, పసుపు నింపి, తాటాకు పాకలో అమ్మను నిలిపింది. జాతర రోజున పాయ దాటి మొదట వచ్చినది నాయకుడి భార్య. చంకలో కొడుకు జ్వరంతో వాలిపోయి ఉన్నాడు. చేతిలో పళ్ళెం ఉంది. పున్నయ్య పాక ముందు అడ్డం నిలిచాడు.

"మా సూరమ్మ పళ్ళెం మీ వాకిట్లోంచే వెనక్కి వచ్చింది దొరసానీ."

నాంచారి మామగారి భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపింది. "అమ్మ గుమ్మంలో ఏ తల్లినీ ఆపకండి మామయ్యా" అని, తన ఎర్రని చేతులతోనే ఆ పళ్ళెం అందుకుని అమ్మవారి ముందు పెట్టింది. తెల్లవారేసరికి బిడ్డ కళ్ళు తెరిచి పాలు అడిగాడు. నాయకుడు స్వయంగా వచ్చి, తలపాగా తీసి, దిబ్బను అద్దకంవారికి శాశ్వతంగా వదిలాడు. కోటలో మళ్ళీ గుడి కట్టలేదు.

మరి నా సూరమ్మను ఎందుకు బతికించలేదని నాంచారి ఆ సాయంత్రం అమ్మను నిలదీసిందనీ, దానికి బదులు రాలేదనీ దిబ్బ పెద్దలు నేటికీ దాచకుండా చెబుతారు.

ఏటా మాఘమాసంలో అమ్మవారికి కొత్త గుడ్డ రాస్తారు. నాంచారి మెట్టినింటి వంశంవారే నేటికీ అర్చకులు. ఈ గుడిలో ఎవరి పళ్ళెమూ వెనక్కి పంపరు. ఇక్కడ మొక్కుకున్న పసిబిడ్డల జ్వరాలు దిగుతాయని, చేతిపనిని నమ్ముకున్నవారికి పని కరువు ఉండదని భక్తుల విశ్వాసం. కొత్త గుడ్డ రాసే రోజున, బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎవరైనా వస్తే, ఊరూ కులమూ అడగకుండా అమ్మవారి చేతులకు పటిక పూసే కలం ఆమెకే ఇస్తారు. మరునాడు కాగు చల్లారాక గుడ్డను పైకి తీసేదీ ఆమే. అప్పుడు అమ్మవారి చేతులూ ఆ తల్లి చేతులూ ఒకే ఎరుపుతో బయటికి వస్తాయి.