సమీక్షలో ఒక వాక్యం

భార్గవి రాసిన సినిమా సమీక్ష ఒక్క పూటలో ఊరంతా తిరిగింది. ఫోన్లలో ఒకరికొకరు పంపుకుని నవ్వుకున్నారు. ఆమెకు రాయడం నేర్పిన పరాంకుశం మాస్టారు మాత్రం ఏమీ అనలేదు.

ఆయన పత్రికలో సమీక్షలు రాస్తూనే ముసలివాడైన మనిషి. ఆయన బాగుందంటే తప్ప ఆమెకు తృప్తి లేదు. వారం రోజులు చూసి ఆయన ఇంటికే వెళ్లింది. ఇంతమంది చదివిన దాంట్లో లోపమేమిటో చెప్పమంది.

ఆయన చొక్కా తొడుక్కుని చెప్పుల్లో కాళ్లు పెట్టారు.

"పద."

ఆటో మాచవరంలో ఒక మేడ ముందు ఆగింది. పైవాటాలో తలుపు తీసినతను ఆ సినిమా దర్శకుడు దయాకర్. మాస్టారు ఆమెను తన శిష్యురాలని పరిచయం చేసి, మీ సినిమా మీద రాసింది మీ ఎదుటే చదువుతుందన్నారు. దయాకర్ కాసేపు ఆలోచించి కుర్చీ చూపించాడు.

ఆమె ఫోన్ తీసి చదవడం మొదలుపెట్టింది. విశ్రాంతి తర్వాత కథ సాగదీశారన్న చోట అతను తలూపాడు. పాటలు అడ్డుపడ్డాయంటే, నిర్మాత మాట కాదనలేకపోయానన్నాడు. భార్గవికి ధైర్యం వచ్చింది. జనం ఎక్కువగా నవ్వుకున్న చోటు కూడా అదే ఊపులో చదివేసింది.

"భార్యను శ్మశానంలో వదిలి వచ్చిన హీరో ఆవకాయ అన్నం అడిగి మరీ తింటాడు. ఈ దర్శకుడు ఎన్నడూ చావు ఇంటి గడప తొక్కినట్టు లేదు."



"ఆ రోజు నాకు బాగా ఆకలేసిందండీ," అన్నాడు దయాకర్.

తర్వాత కిటికీ వైపు తిరిగాడు. భార్గవి ఫోన్‌ను ఒళ్లో బోర్లా పెట్టేసింది. మాస్టారు లేచి, అతని భుజం మీద కాసేపు చెయ్యి ఉంచి, బయటికి నడిచారు.

మెట్లు దిగుతూనే ఆమె సమీక్ష మొత్తం తీసేయబోయింది. ఆయన వద్దన్నారు. సినిమా గురించి రాసినవి అలాగే ఉండనిమ్మన్నారు. ఆ వాక్యాన్నీ కొట్టేయకుండా, దాని కిందే తాను తప్పు రాశానని ఒప్పుకోమన్నారు. అతని ఇంటి సంగతి మాత్రం ఎత్తవద్దన్నారు.

ఆ పొద్దుటే సినిమాను హాళ్లలోంచి ఎత్తేశారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఇప్పుడెవరు చదువుతారు మాస్టారూ?" అంది భార్గవి.

"ఎవరూ చదవరు," అన్నారాయన. "రాయి."