ఏటి అవతలి తాత నేర్పిన దెబ్బ

అనగా అనగా ఒక ఏరు. ఏటికి ఇటు తుమ్మెదపురం, అటు కలువపాడు. ఏటేటా ఆ రెండు ఊళ్లూ రాజుగారి ఎదుట చెండాట ఆడేవి. ఒకరు చెండు విసిరితే ఇంకొకరు కర్రతో కొట్టాలి. అందరికంటే దూరం కొట్టిన ఊరిదే గెలుపు. గెలిచిన ఊరి కాలువకే ముందుగా నీళ్లు.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. ఏట్లో ఉన్న నీళ్లు ఒక కాలువకే సరిపోయేలా ఉన్నాయి.

తుమ్మెదపురంలో వకుళ అనే పిల్ల ఉండేది. తమ ఊరి తరఫున ఆడాలని ఆమెకు ఎంతో ఆశ. కానీ ఎంత గట్టిగా కొట్టినా చెండు కాళ్ల దగ్గరే పడేది. ఒకనాడు ఏటి ఒడ్డున విసిగిపోయి, కర్ర విసిరేసి, కూలబడి ఏడ్చింది.

అవతలి గట్టు నుంచి సింగన్న తాత అది చూశాడు. వయసులో ఉన్నప్పుడు కలువపాడులో ఆయనను మించిన ఆటగాడు లేడు. మోకాలిలోతు నీళ్లు దాటి వచ్చాడు.

"కర్ర మీద ఎందుకమ్మా కోపం?"

"నాకు బలం చాలడం లేదు తాతా."

"బలం బోలెడుంది. అంతా చేతుల్లోనే పెట్టుకున్నావు. రా, నేర్పుతాను."

వకుళ కళ్లు తుడుచుకుంది. "నేను గెలిస్తే మీ ఊరి పొలాలు ఎండిపోతాయి కదా!"

"నాకు నేర్పినాయన నాది ఏ ఊరని అడగలేదమ్మా," అన్నాడు తాత.

ముందు నిలబడడం నేర్పాడు. "కాళ్లు భుజాలంత ఎడంగా పెట్టు. మోకాళ్లు కాస్త వంచు. బరువు వెనక కాలి మీద ఉంచు." అది కుదిరేదాకా కర్ర ముట్టనివ్వలేదు.

తరువాత తిరగడం నేర్పాడు. "మొదట నడుము తిరగాలి. భుజాలు, చేతులు దాని వెంట వస్తాయి. మధ్యలో ఆపకు, కర్రను చివరిదాకా పోనీ."

ఆఖరున చూడడం నేర్పాడు. "చెండు కర్రకు తగిలేదాకా తల ఎత్తకు."

వకుళ దెబ్బ చూసి ఊరివాళ్లు ఆమెను ఆటలోకి తీసుకున్నారు. ఆట రోజు వచ్చింది. చివరికి తుమ్మెదపురానికి మూడు చెండ్లే మిగిలాయి. కర్ర వకుళ చేతికి వచ్చింది.

మొదటి చెండుకు తొందరపడి చేతులే ఊపింది. తగల్లేదు. రెండో చెండుకు ఎంత దూరం పోతుందోనని ముందే తల ఎత్తింది. చెండు అంచుకు తగిలి వెనక్కి పడింది. మూడోసారి నిదానంగా నిలబడింది. నడుము తిప్పింది. చూపు కదలనివ్వలేదు. ఠప్! చెండు జనం తలల మీదుగా ఎగిరి ఏటి నడుమ పడింది.

తుమ్మెదపురం గెలిచింది! కానీ ఆ దెబ్బ ఎవరు నేర్పిందో పోల్చుకున్న కలువపాడు వాళ్లు సింగన్నను చుట్టుముట్టారు. "ఊరి నోట్లో మట్టి కొట్టావు కదయ్యా!" అన్నారు. తాత తల దించుకున్నాడు.

"ఎవరు నేర్పారమ్మా ఈ విద్య?" అని అడిగారు రాజుగారు.

"నాకు నేనే నేర్చుకున్నానని చెప్పు," అని తుమ్మెదపురం ఊరిపెద్ద వకుళ చెవిలో గొణిగాడు.

వకుళ తిన్నగా వెళ్లి సింగన్న పాదాలకు మొక్కింది. "ఈ తాత నేర్పాడు మహారాజా. తన పొలం ఎండుతుందని తెలిసీ నేర్పాడు. నాకు కానుకలేవీ వద్దు. రెండు కాలువలకూ ఒక్కసారే నీళ్లు వదలండి."

"సగం నీళ్లతో వరి ఎలా పండుతుంది?" అన్నాడు ఊరిపెద్ద.

"ఈ ఏడాదికి జొన్న వేసుకుందాం," అంది వకుళ తల్లి.

రాజుగారు సరేనన్నారు. కలువపాడు వాళ్లు సిగ్గుపడి తాతను క్షమాపణ అడిగారు. ఆయన వకుళ తల నిమిరి, తడి కళ్లతోనే, "మొదటి చెండుకు తొందరపడ్డావు తల్లీ," అన్నాడు.

ఆ ఏడు రెండు గట్ల మీదా జొన్న పండింది.

నేర్పినవారిని నలుగురిలో తలుచుకున్నవారికే నేర్చిన విద్య నిండుగా దక్కుతుంది.