దండ పడిన ఇంజను

గుర్రాలకొండ మీదికి ఆదివారాల్లో ఒక పాత పొగబండి నడిచేది. ఆ సరదాకి వచ్చే జనం వల్లే కొండ మీద పూలమ్మే నూకాలు ఇంట్లో పొయ్యి వెలిగేది. ఒకనాడు బాయిలరు పగిలి దాని ఇంజను మూలపడింది. అలాంటిదే ఇంకొకటి స్టేషను పక్కన జమీందారు జగ్గరాయుడి తోటలో, పాత పట్టాల మీద ఊరికే నిలబడి ఉంది. ఊరిపెద్దలు వెళ్లి అడిగితే, "మా తాతగారి ఇంజను మీ షికార్లకు అరువివ్వాలా?" అని ఆయన కసిరి పంపేశాడు.

మర్నాడు నూకాలు వెళ్లి ఆ ఇంజను పొగగొట్టానికి బంతిపూల దండ వేసి, కొంగుతో కళ్లొత్తుకుంది.

"ఏమిటే ఈ ఏడుపు?" అన్నాడు జమీందారు.

"పలకరించి పోదామని వచ్చాను బాబూ. పాపం, ఎప్పుడు పోయింది?"

"పోవడమేమిటి? నిక్షేపంలా ఉంది!"

"అయినవాళ్లు అలాగే అంటారు బాబూ, మనసొప్పక. కదలదు, మెదలదు, ఒంట్లో వేడి లేదు. ఊరంతా అదే అనుకుంటోంది."

జమీందారుకి ఒళ్లు మండింది. అప్పటికప్పుడు బొగ్గు వేయించి, మంట పెట్టించి, ఇంజనుని కూతలతో స్టేషనుకి తోలించుకొచ్చాడు.

"ఒంటరిగా నడిస్తే ఏం లెండి, పెట్టెలు లాగాలిగా!" అని నూకాలు నిట్టూర్చింది.

పెట్టెలు తగిలించారు, జనం ఎక్కారు. కూత తాడు లాగుతూ జమీందారు చిన్నపిల్లాడిలా నవ్వాడు.

పై ఆదివారం మాత్రం, "రుజువైందిగా, ఇంక చాలు" అన్నాడు.

నూకాలు బుట్టలోంచి దండ తీసింది.

"ఆగవే! అగ్గి రాజేయండ్రా!" అంటూ జమీందారు ఇంజను వైపు పరుగెత్తాడు.