చుక్కమ్మ ఒంటి వాసన

ఎండిన గుట్టకీ పచ్చటి ఏటి గట్టుకీ మధ్య ఒక్కరోజులో కంచె లేచింది. ఇటు గుట్ట మీదికి మేతకొచ్చిన దుప్పి చుక్కమ్మ ఇటే ఉండిపోయింది. అటు రెల్లు పొదలో నిద్రపోతున్న దాని కూన గోగు అటే ఉండిపోయింది. అటువైపు పెద్దలు గేటుకి వీరన్న అనే కుక్కని కాపలా పెట్టారు.

చుక్కమ్మ రోజూ వెళ్ళి అడిగేది. "నా బిడ్డ అటుంది నాయనా. ఒక్కసారి చూసొస్తాను."

వీరన్న ముక్కు ఎగబీల్చేవాడు. "నీ ఒంటినిండా గుట్ట గడ్డి వాసన. మావైపు వాసనైతేనే లోపలికి. పోవమ్మా."

పాలు చేపుకొచ్చి పొదుగు సలుపుతుంటే చుక్కమ్మకి కన్ను మూతపడేది కాదు. బిడ్డ ఏం తింటోందో, ఎవరి పక్కన ముడుచుకుంటోందో అని ఒకటే బెంగ.

నక్క జంబయ్య పుణ్యానికి సలహా చెప్పే రకం కాదు. రేగుపళ్ళు ఎక్కడ పండాయో చుక్కమ్మ చూపించాకే, తీరిగ్గా మూతి తుడుచుకుని నోరు విప్పాడు.

"వాడికి కళ్ళతో పనిలేదు చుక్కమ్మా, అంతా ముక్కే. అటువైపు గేదెల మడుగు నీరు కంచె కిందనుంచి ఇటు కారుతోంది. ఆ బురదలో నీ వాసన చచ్చేదాకా పొర్లు."

"అంతేనా మావా?"

"అంతే. నువ్వు నువ్వు కాకపోతే చాలు."

చుక్కమ్మ ముక్కు మూసుకుని పొర్లింది. ఒంటిమీది మచ్చలు కూడా కనపడకుండా పోయాయి. వీరన్న వాసన చూసి, "మనవాళ్ళే, పద పద" అన్నాడు.

గోగు ఆ రెల్లు పొదలోనే ఉంది, ఎముకలు తేలి. "తల్లీ, అమ్మనే" అంది చుక్కమ్మ. కూన మెడ చాచి వాసన చూసి, వెనక్కి జరిగింది.

"గొంతు మా అమ్మదిలాగే ఉంది. కానీ వాసన చూడందే ఎవరి దగ్గరికీ పోవద్దని అమ్మ చెప్పింది. నేను అమ్మ కోసం ఉన్నాను. నువ్వెళ్ళిపో పిన్నీ."

ఆ పిన్నీ అన్న మాటకి చుక్కమ్మ గుండె చెరువైంది. పక్కనే ఏరు. అందులో దిగితే బిడ్డ గుర్తుపడుతుంది, కుక్కా గుర్తుపడుతుంది. తెలిసే దిగింది.

బురద కరిగీ కరగగానే గోగు నీళ్ళలోకి దూకింది. "ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావే అమ్మా" అంటూ పొదుగులో మూతి పెట్టింది. గాలి గేటు వైపే వీస్తోందని తెలిసినా చుక్కమ్మ కదల్లేదు. బిడ్డ గుటకలు వింటూ నిలబడింది.

వీరన్న రొప్పుతూ వచ్చాడు. "నన్ను మోసం చేశావు."

"చేశాను. దీన్నైనా నాతో రానీ."

"ఇటున్నది ఇటే ఉండాలి. ఆ మాట నాది కాదమ్మా, పెద్దలది."

తల్లిని గేటు బయటికి తరిమాడు. గోగు కంచె దాకా పరిగెత్తి ఆగిపోయింది. ఆ తీగల సందుల్లోంచి గాలి తప్ప ఏదీ దూరదు. తల్లీబిడ్డలిప్పుడు చెరోపక్కన పడుకుంటున్నారు. గాలి ఎటు వీస్తే అటువాళ్ళకి ఆ పూట నిద్ర పడుతోంది.

నీతి: మనల్ని మనం చెరిపేసుకుంటేనే తెరుచుకునే గేటు, తెరుచుకున్నా మూసినట్టే.