ఊరుకోండమ్మా

ఎదుటి మనిషి కళ్లలో నీళ్లు తిరిగితే సుచరిత తట్టుకోలేదు. అందుకే ఏరికోరి కౌన్సెలింగ్ చదువు చదివింది. ఇప్పుడు కాకినాడలో వసుంధరగారి దగ్గర పని నేర్చుకుంటోంది.

వసుంధరగారు అంతకుముందు పెద్దాసుపత్రిలో నర్సు. కాలిన గాయాల వార్డులో కట్లు మార్చేవారు. నలభై దాటాక మనస్తత్వశాస్త్రం చదువుకుని ఈ పనిలోకి వచ్చారు. ఎవరు ఎంత గట్టిగా ఏడ్చినా ఆవిడ కంగారుపడరు. కొత్తవాళ్లకు బొత్తిగా రాయిలా కనిపిస్తారు. సుచరితకూ అలాగే కనిపించారు.

ఒకరోజు సుచరిత సంబరంగా వచ్చింది.

"మేడమ్, నూకరత్నంగారు కోలుకున్నారు. మొదటిసారి వెక్కివెక్కి ఏడ్చారు కదా, ఆ తర్వాత ఒక్క కన్నీటి బొట్టు లేదు. ఎప్పుడడిగినా బాగానే ఉన్నానంటున్నారు. ఇవాళ వచ్చి, ఇంక రానని చెప్పారు."

నూకరత్నం కొడుకు చేపల వేటకు వెళ్లి, బోటు తిరగబడి చనిపోయాడు. ఇంకా సంవత్సరీకం కూడా కాలేదు.

"మొదటిసారి ఏడ్చినప్పుడు నువ్వేం చేశావు?"

"మంచినీళ్లిచ్చాను. ఊరుకోండమ్మా, ఊరుకోండి అన్నాను. వెంటనే ఊరుకున్నారు."

"ఆవిడ ఉన్నారా, వెళ్లిపోయారా? పద, నేనూ కూర్చుంటాను" అని వసుంధరగారు లేచారు.

నూకరత్నం ఇంకా గదిలోనే ఉంది. బాగానే ఉన్నానండి అంది.

"మీ అబ్బాయి పేరేంటమ్మా?" అని అడిగారు వసుంధరగారు.

"దుర్గా..." అంది. మిగతా సగం పలకలేకపోయింది. చప్పున చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

సుచరిత మంచినీళ్ల గ్లాసు అందుకుంది. "ఊరు..." అనేలోపే వసుంధరగారు ఆ గ్లాసును సుచరిత వైపే తిప్పారు.

"నువ్వు తాగు."

సుచరితకు ఏమీ అర్థం కాలేదు. అయినా తాగింది. నోటి నిండా నీళ్లతో మాట్లాడే వీల్లేకపోయింది.

నూకరత్నం ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఎవరూ ఏమీ అనడం లేదు. మెల్లగా కొంగు వదిలింది. అప్పుడొచ్చిన ఏడుపు కింది అంతస్తులో ఉన్న మందుల షాపు దాకా వినిపించి ఉంటుంది.

"ఆ పొద్దున ఒంట్లో బాలేదన్నాడండి. బద్ధకం అనుకున్నానండి. నేనే లేపి పంపించానండి." ముక్కు తుడుచుకుంది. "ఇంట్లో ఊరుకోమంటారండి. ఈదిలో ఊరుకోమంటారు. ఇక్కడ ఈ అమ్మాయిగారూ అదే అన్నారు. ఇంకెక్కడికెళ్లి ఏడవనండి?"

సుచరితకు తల ఎత్తబుద్ధి కాలేదు. గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

చాలాసేపటికి నూకరత్నం లేచింది. మళ్లీ ఎప్పుడు రమ్మంటారని అడిగి, మెట్లు దిగి వెళ్లింది.

సుచరిత గ్లాసు బల్ల మీద పెట్టింది.

"నేను దయతోనే అన్నాను మేడమ్."

"నాకు తెలుసు" అన్నారు వసుంధరగారు. "ఎవరి మీద దయతో?"