మేనమామ కారుకు వెడల్పు చక్రాలు

తెనాలి మారీసుపేటలో గిరిధర్ అనే ఒకడు ఉండేవాడు. ఏ వస్తువైనా తనకు పనికొస్తుందా అని కాక, నలుగురూ తల తిప్పి చూస్తారా అని ఆలోచించడం అతని జబ్బు.

వాళ్ల నాన్న వదిలి వెళ్లిన పాత కాంటెస్సా కారు అతని దగ్గర ఉండేది. నల్లటి కారు. పొడుగాటి ముక్కు, వెడల్పాటి వీపు. ఇంజను మోగితే వీధి చివర టీ కొట్టు దాకా వినిపించేది. మనిషికి అది చాలదా? అతనికి చాలలేదు. ఎక్కడో విదేశాల పాత కార్ల ఫోటోలు చూశాడు. వాటి వెనక చక్రాలు బాగా లావుగా, మడ్‌గార్డు నిండా ఉబ్బి ఉన్నాయి. అప్పటినుంచి తన కారును వెనకనుంచి చూసినప్పుడల్లా, పహిల్వానుకు పిల్లాడి చెప్పులు తొడిగినట్టుందని కుమిలిపోయేవాడు.

అతని అక్క పేరు వసుంధర. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. భర్త పోయాక కూతురు హారికను చదివించి ఇంతదాన్ని చేసిందీ ఆమే. ఎవరినీ నోరు తెరిచి ఏదీ అడిగే మనిషి కాదు. హారిక పెళ్లి కుదిరినప్పుడు మాత్రం తమ్ముణ్ణి ఒక్కటి అడిగింది.

"పిల్ల అత్తారింటికి నాన్న కారులో వెళ్లాలిరా గిరీ. మేనమామవి, నువ్వే నడపాలి."

"అంతకన్నానా అక్కా," అన్నాడు గిరిధర్. మాట ఇచ్చి నేరుగా మెకానిక్ మస్తాన్ షెడ్డుకు వెళ్లాడు, వెనక వెడల్పు చక్రాలు వేయించడానికి. ఉన్న చక్రాలకు ఏం రోగమొచ్చింది? ఏమీ రాలేదు. పెళ్లికి ఊరంతా వస్తుంది, ఊరంతా చూస్తుంది. అదీ సంగతి.

మస్తాన్ కొత్త రిమ్ములు, లావు టైర్లు బిగించాడు. టైరు దాదాపు మడ్‌గార్డు అంచు కిందికి వచ్చి నిలిచింది. ఆ రేకు అంచు లోపలి వైపు కత్తిలా ఉంటుంది. దాన్ని లోపలికి మడిచి కొట్టాలి, లేదంటే కాస్త సన్న టైరు వేసుకోవాలి అని మస్తాన్ చెప్పాడు. గిరిధర్ రెండింటికీ ఒప్పుకోలేదు. రేకు మడిస్తే నాన్న కాలంనాటి రంగు పగులుతుందట. సన్న టైరు వేస్తే ఇంత శ్రమ దేనికట.

"రెండూ కావాలంటే ఎట్లా సార్?" అన్నాడు మస్తాన్. "టైరు లావుండాలి, రేకు కదలకూడదు. మధ్యలో చోటు నేనెక్కడ్నించి తేను?"

"ఇప్పుడు తగలడం లేదుగా?"

"ఖాళీ కారుకి తగలదు. నలుగుర్ని ఎక్కించి చూద్దాం. పక్క షెడ్డు వాళ్లని కేకేస్తాను."

గిరిధర్ వద్దన్నాడు. ఎందుకు వద్దన్నాడో వింటే మీకూ ఒళ్లు మండుతుంది. మనుషులు ఎక్కితే కారు వెనక భాగం కిందికి దిగుతుందట. దిగితే అందం చెడుతుందట. ఫోటోలు తీసుకోవాలి, ఇప్పుడెవరూ ఎక్కొద్దు అన్నాడు. అక్కడ మస్తాన్ కూడా గట్టిగా పట్టుబట్టాల్సింది. పట్టుబట్టలేదు. వాదించి విసిగిపోయి, మీ ఇష్టం అనేసి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

పెళ్లి దాకా గిరిధర్ ఆ కారును ఒక్కడే ఊరంతా తిప్పాడు. నిజమే, అందరూ తలలు తిప్పి చూశారు. ఒకసారి హారిక సరదాపడి వెనక సీట్లో కూర్చోబోతే, నీ రోజు వస్తుందిలే, అప్పుడెక్కుదువు అని తలుపు మూసేశాడు.

పెళ్లి బాగా జరిగింది. పిల్లను అత్తారింటికి తీసుకెళ్లే రోజు వచ్చింది. వాళ్లది రేపల్లె దాటాక కాలువ పక్కన ఒక పల్లె. మధ్యాహ్నం వర్జ్యం వచ్చేలోగా కోడలు గడపలో కాలు పెట్టాలని పెళ్లికొడుకు నాయనమ్మ కబురు చేసింది. వసుంధర గుండెల్లో అదే దిగులు. తండ్రి లేని పిల్ల, అడుగుపెట్టిన పూటే ఒక మాట పడకూడదని ఆమె తెల్లవారకముందే లేచి అన్నీ సర్దింది.

కారు డిక్కీలో సారె ఎక్కించారు. లడ్డూల డబ్బాలు, కజ్జికాయల డబ్బాలు, స్టీలు సామాను, పెద్ద అరటి గెల. గెలకు చోటు చాలకపోతే గిరిధర్ స్టెప్నీ చక్రం తీసి ఇంట్లో పెట్టేశాడు. ముందు సీట్లో పెళ్లికొడుకు కూర్చున్నాడు. వెనక హారిక, వసుంధర, అక్కాతమ్ముళ్ల పిన్ని సీతారావమ్మ. సీతారావమ్మది భారీ మనిషి, అంతకన్నా భారీ నోరు. ఆమె కూర్చోగానే కారు కూడా కూర్చుంది.

వీధి మలుపులో చిన్న గుంట తగలగానే వెనకనుంచి గర్రుమని చప్పుడొచ్చింది. గిరిధర్ పాటల సౌండు పెంచాడు. ఊరు దాటేసరికి రబ్బరు కమురు వాసన కొట్టింది. అద్దాలు దించమన్నాడు. మొదటి పల్లెలో స్పీడ్ బ్రేకరు వచ్చింది. బండి ఆపి, ఒక్కసారి అందరూ దిగితే కారు దాటించేస్తానన్నాడు. దిగారు. దాటించాడు. ఎక్కారు. ఆ రోడ్డు మీద బడి ఉన్న చోటల్లా, సెంటరు ఉన్న చోటల్లా స్పీడ్ బ్రేకరే. ప్రతిచోటా పట్టుచీర కుచ్చిళ్లు పట్టుకుని పెళ్లికూతురు ఎండలో దిగి నడవడం, ఖాళీ కారు ముందు పోయి ఆగడం. అరుగుల మీద కూర్చున్నవాళ్లు తల తిప్పి మరీ చూశారు. గిరిధర్ కోరుకున్నది అదేగా.

"పెళ్లికూతురు నడుస్తోంది, లడ్డూలు కారులో పోతున్నాయి," అంది సీతారావమ్మ. "పెళ్లి లడ్డూలకి చేశామా ఏమిట్రా?"

"పిన్నీ, నువ్వు కాస్త మధ్యలోకి జరిగి కూర్చుంటే సరిపోతుంది."

"నేను మధ్యలో కూర్చుంటే నా రెండు పక్కలూ ఎక్కడ కూర్చోవాలిరా?"

పెళ్లికొడుకు మొహం అటు తిప్పుకుని నవ్వు ఆపుకున్నాడు. వసుంధర నవ్వలేదు. ఆమె కళ్లు పెళ్లికొడుకు చేతి గడియారం మీదే ఉన్నాయి. నేనూ పిన్నీ బస్సులో వస్తాం, పిల్లల్ని నువ్వు తీసుకెళ్లు అని చెప్పి చూసింది. బరువు తగ్గితే ఆ టైరు బతికేదేమో. గిరిధర్‌కు పౌరుషం అడ్డొచ్చింది. నా కారుకేం లోటు అని, పోయిన సమయం రాబట్టాలని, కాలువ గట్టు రోడ్డు ఎక్కగానే వేగం పెంచాడు.

మలుపులో గొయ్యి వచ్చింది. బరువంతా ఒక పక్కకు ఒరిగింది. రేకు అంచు టైరును కూరగాయను తరిగినట్టు తరిగేసింది. పెద్ద చప్పుడుతో టైరు పేలి, కారు వెనక భాగం కాలువ వైపు గిరుక్కున తిరిగింది. గట్టు అంచున ఉన్న రాయికి తగిలి ఆగింది గానీ, లేకపోతే ఆ కథ నేను చెప్పను, మీరు వినరు. ఒక వెనక చక్రం గట్టు మీద, ఇంకొకటి నీళ్ల మీద గాలిలో. పెళ్లికొడుకు ముందు దిగి, ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని బయటికి లాగాడు. హారిక గాజులు చిట్లి ముంజేయి కోసుకుపోయింది. వసుంధర పైటకొంగు చింపి కట్టు కట్టింది. ఏడవలేదు.

వేద్దామంటే స్టెప్నీ లేదు. అంతలో అరటాకులు దింపి వస్తున్న ట్రాలీ ఆటో ఒకటి కనబడితే పెళ్లికొడుకు ఆపాడు. వెనక గోనెసంచులు పరిచి డబ్బాలు ఎక్కించారు. ఇంత జరిగాక కూడా గిరిధర్ నోటినుంచి ఏ మాట వచ్చిందో తెలుసా? తెనాలికి ఫోన్ చేస్తాను, గంటలో వేరే కారు వస్తుంది, ఆగమన్నాడు.

"కొత్త పెళ్లికూతురు ట్రాలీ ఆటోలో దిగితే చూసేవాళ్లు ఏమనుకుంటారు అక్కా?"

వసుంధర అతని వైపు తిరిగింది. తమ్ముడి మీద ఆమె గొంతు లేవడం అదే మొదటిసారి.

"ఇంకా చూసేవాళ్లేనా? ఎక్కేవాళ్ల సంగతి ఎప్పుడన్నా అనుకున్నావురా? నా బిడ్డ క్షేమంగా చేరాలని నిన్ను కారు అడిగాను. ఆ చక్రాలు వేయించిన రోజు, ఇందులో మేం కూర్చుంటామన్న సంగతే నీకు గుర్తులేదు."

గిరిధర్ కారు పక్కనుంచి కదల్లేదు. ఆమె వెళ్లి గోనెసంచి మీద కూతురి పక్కన కూర్చుంది. ఆటో కదిలింది.

వర్జ్యానికి కాస్త ముందుగా వాళ్లు ఇల్లు చేరారు. ఏ బండిలో వచ్చారని అక్కడ ఒక్కరూ అడగలేదు. నాయనమ్మ మాత్రం పిల్ల చేతి కట్టు చూసి కంగారుపడి, లోపలినుంచి పసుపు తెప్పించి తనే అద్దింది. ఆ తర్వాత గుమ్మంలో బియ్యం చెంబు పెట్టి, కోడలు లోపలికి రావాలి, పక్కన నిలబడాల్సిన మేనమామ ఏడీ అని అడిగింది. వసుంధర తల దించుకుని కూతురి చీర కుచ్చిళ్లు సర్దింది. మేనమామ తోడు లేకుండానే హారిక చెంబును కాలితో తాకి గడప దాటింది. ఆ సమయానికి గిరిధర్ ఖాళీ కారు పక్కన, కాలువ గట్టు మీద, ఎండలో నిలబడి ఉన్నాడు. దారినపోయే ప్రతివాడూ ఆగి కారు వంక చూసి వెళ్తున్నాడు.

నీతి: నలుగురిని మోయాల్సిన వస్తువును నలుగురు మెచ్చుకోవడానికి తయారు చేసుకున్నవాడు, అవసరమైన వేళ అయినవాళ్లను నడిదారిలో దింపేస్తాడు.